డాబా మీద డాబా, పక్కనే పదకొండు కె.వి.

మా హనుమాన్ జంక్షన్‌లో ఏ సందులోకి వెళ్ళినా డాబాల మీద చువ్వలు లేచి ఉంటాయి. కింద పోర్షను కట్టేటప్పుడే పిల్లర్లకి నాలుగేసి చువ్వలు పైకి వదిలేస్తారు. పిల్లాడి ఉద్యోగమో, పిల్ల పెళ్ళో అయ్యాక పైన ఇంకో అంతస్తు వేద్దామని. మన జిల్లాల్లో అది మధ్యతరగతి వాళ్ళ ఫిక్స్‌డ్ డిపాజిట్ లాంటిది.

ఆ చువ్వలకి కాస్త ఎత్తులో, కాస్త పక్కగా, చాలా వీధుల్లో మూడు తీగలు వెళ్తుంటాయి. కింద ఇల్లు ఒక్కటే ఉన్నన్నాళ్ళూ వాటిని ఎవరూ పట్టించుకోరు. పైన శ్లాబు వేద్దామనుకున్న రోజే అవి సమస్య అవుతాయి. "ఆ తీగ తీయించెయ్యొచ్చుగా?", "భూమిలో పాతించెయ్యొచ్చుగా?", "డబ్బులు ఎవరు కట్టాలి?" అని ఇంట్లో మొదలవుతుంది.

పోయిన సెలవుల్లో మా ఇంట్లోనూ మొదలైంది. నేను త్రిపుల్ ఈ మూడో సంవత్సరం కాబట్టి ప్రశ్నలన్నీ నా మీదికే వచ్చాయి. అప్పుడు చదివినవీ, కొలిచినవీ, తెలుసుకున్నవీ ఇక్కడ రాస్తున్నాను. మనలో చాలామంది ఇళ్ళల్లో వచ్చే రెండు మూడేళ్ళలో ఇదే చర్చ నడుస్తుంది కాబట్టి పనికొస్తుందనుకుంటున్నాను.

స్తంభం ఎత్తులోనే ఉంది కథంతా

ముందు ఒక చిన్న లెక్క. మన ఊళ్ళల్లో కనిపించే సిమెంటు స్తంభాలు ఎక్కువగా రెండు రకాలు: 8 మీటర్లవి, 9.1 మీటర్లవి. స్తంభం పొడవులో సుమారు ఆరో వంతు భూమిలో ఉండాలి. అంటే 9.1 మీటర్ల స్తంభం దాదాపు 1.5 మీటర్లు లోపలికి పోగా, బయట మిగిలేది 7.6 మీటర్లు. క్రాస్ ఆర్మ్ కిందికి ఉంటుంది, రెండు స్తంభాల మధ్య తీగ కొంచెం వేలాడుతుంది. మొత్తం మీద తీగ ఉండే ఎత్తు ఆరున్నర నుంచి ఏడు మీటర్లు.

ఇప్పుడు మన ఇల్లు చూద్దాం. పునాది రెండడుగులు, కింది అంతస్తు పదిన్నర అడుగులు. మొదటి శ్లాబు పైభాగం దాదాపు 3.8 మీటర్ల దగ్గర ఉంటుంది. దాని మీద ఇంకో అంతస్తు వేస్తే రెండో శ్లాబు పైభాగం 7 మీటర్లు.

గమనించారా? కొత్త శ్లాబు మీద నిలబడి కాంక్రీటు పోసే మనిషి పాదాల ఎత్తు, 11 కె.వి. తీగ ఎత్తు ఒక్కటే. ఇది ఎవరి కుట్రా కాదు. ఆ స్తంభాలు పాతిన రోజుల్లో వీధిలో ఉన్నవి పెంకుటిళ్ళు, ఒంటి అంతస్తు డాబాలు. వాటికి ఆ ఎత్తు సరిపోయింది. ఊరు ఒక అంతస్తు పెరిగింది, స్తంభం పెరగలేదు.

ఇంకోటి కూడా ఉంది. పాత రోడ్డు మీదే కొత్త సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ నేల కొంచెం పైకి లేస్తుంది. వీధి వెంట వెళ్ళే తీగ నేల నుంచి తక్కువ వోల్టేజి అయితే 5.5 మీటర్లు, 11 కె.వి. అయితే 5.8 మీటర్లు ఉండాలి. వీధిని అడ్డంగా దాటేటప్పుడు 5.8, 6.1 మీటర్లు. రోడ్డు లేచినకొద్దీ ఆ దూరం కింది నుంచి తరిగిపోతుంది. గడ్డివాము ట్రాక్టరు వచ్చిన రోజు తెలుస్తుంది దాని ఫలితం.

ఇంటికీ తీగకీ మధ్య ఎంత ఉండాలి?

ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్, 1956లో ఈ అంకెలు ఉన్నాయి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో ఇచ్చిన భద్రతా నిబంధనల్లోనూ ఇవే ఉన్నాయి. 2023లో వాటి స్థానంలో కొత్తవి వచ్చి క్రమసంఖ్యలు మారినా, చట్రం అదే.

- 650 వోల్టుల లోపు తీగ, అంటే మన వీధి లైట్ల తీగ, ఇంటికొచ్చే సర్వీసు వైరు: ఇంటి మీదుగా పోతే ఎత్తైన భాగం నుంచి 2.5 మీటర్లు పైన, పక్కగా పోతే 1.2 మీటర్లు దూరంలో ఉండాలి.
- 11 కె.వి. తీగ: పైన 3.7 మీటర్లు, పక్కన 1.2 మీటర్లు.
- 11 కె.వి. దాటి 33 కె.వి. వరకు: పైన 3.7 మీటర్లు, పక్కన 2 మీటర్లు.
- 33 కె.వి. దాటితే ప్రతి అదనపు 33 కె.వి.కి ఇంకో 0.3 మీటర్లు కలపాలి.

ఇక్కడ రెండు మాటలు జాగ్రత్తగా చదవాలి. నిలువు దూరాన్ని తీగ గరిష్ఠంగా సాగి వేలాడినప్పుడు చూడాలి. అడ్డం దూరాన్ని గాలికి తీగ గరిష్ఠంగా ఊగినప్పుడు చూడాలి. పొద్దున్నే చల్లగా, గాలి లేని పూట కొలిచి "సరిపోయింది" అనుకుంటే చెల్లదన్నమాట.

ఇంకో మాట: దూరం గోడ నుంచి కాదు, ఇంటి "దగ్గరి భాగం" నుంచి. సజ్జా, బాల్కనీ, ఎలివేషన్ కోసం బయటికి తీసిన డిజైను, అన్నీ ఇల్లే.

ఆ 1.2 మీటర్లు ఎక్కడి నుంచి వచ్చింది?

హై వోల్టేజి ల్యాబ్ చేసిన వాళ్ళకి వెంటనే ఒక అనుమానం రావాలి. గాలి తట్టుకునే శక్తి సెంటీమీటరుకి సుమారు 30 కె.వి. కదా. 11 కె.వి. అంటే రెండు ఫేజుల మధ్య. ఫేజుకీ భూమికీ మధ్య 6.35 కె.వి., శిఖర విలువ దాదాపు 9 కె.వి. సమతల ఎలక్ట్రోడ్ల మధ్య అయితే 3 మిల్లీమీటర్ల గాలి చాలు దాన్ని ఆపడానికి. మొన దేలిన వస్తువులకి ఇంకొంచెం ఎక్కువ కావాలి. అయినా సెంటీమీటర్లే. మరి 1.2 మీటర్లు ఎందుకు?

ఎందుకంటే ఆ దూరం గాలి కోసం పెట్టింది కాదు, మనిషి కోసం పెట్టింది. బాల్కనీలోంచి చెయ్యి చాపుతాం. తడి బట్ట దులుపుతాం. దుప్పటి ఎగురుతుంది. పిల్లాడు గాలిపటం దారం లాగుతాడు. యాంటెన్నా తిప్పుతాం. చాపిన చేతి పొడవు, దానికి చేతిలో ఉన్న చిన్న వస్తువు కలిపితే మీటరు దాటుతుంది. అందుకే 1.2.

కానీ ఇల్లు కట్టేటప్పుడు చేతిలో ఉండేది బట్ట కాదు, చువ్వ. మార్కెట్లో చువ్వ పూర్తి పొడవు 12 మీటర్లు. కింద వీధిలోంచి నిలువుగా పైకి అందిస్తారు. పైన ఉన్నవాడు అందుకుని తిప్పుతాడు. ఆ తిరిగే వృత్తం ముందు 1.2 మీటర్లు లెక్కలోకే రాదు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో మన దేశంలో ఏటా పది వేల మందికి పైగా కరెంటు షాకుతో పోతున్నారు. కట్టుబడి కూలీలు, తాపీ పనివాళ్ళు, సెంట్రింగు పనివాళ్ళు ఇలా పోయిన వార్తలు మన జిల్లా పేజీల్లో తరచూ చదువుతూనే ఉంటాం.

"షాక్ కొడితే సబ్‌స్టేషన్‌లో ట్రిప్ అవుతుందిగా?" అని మా మేస్త్రి గారు అడిగారు. మంచి ప్రశ్న. మనిషి శరీర నిరోధం సుమారు 1000 ఓములు అనుకుంటే, 6.35 కె.వి.కి పారే కరెంటు 6 ఆంపియర్ల చిల్లర. మన ఇంట్లో ఆర్.సి.సి.బి. 30 మిల్లీ ఆంపియర్లకే ఆపేస్తుంది కాబట్టి 6 ఆంపియర్లంటే దానికి 200 రెట్లు. కానీ ఫీడరు రిలే లెక్క వేరు. ఉదాహరణకి 200 ఆంపియర్ల సి.టి. మీద ఎర్త్ ఫాల్టుకి 20 శాతం సెట్టింగ్ పెడితే, అది కదలడానికి 40 ఆంపియర్లు కావాలి. 6 ఆంపియర్లు దాని దృష్టిలో మామూలు లోడే. మనిషిని చంపడానికి సరిపోయే కరెంటు లైను పడిపోవడానికి సరిపోదు. రిలే పెట్టింది లైనుని కాపాడటానికి. మనిషిని కాపాడేది దూరం ఒక్కటే.

ఎండకి సాగుతుంది, గాలికి ఊగుతుంది

తీగ వేలాటం లెక్క మనకి రెండో సంవత్సరంలోనే వచ్చింది: మీటరు బరువుని స్తంభాల మధ్య దూరం వర్గంతో గుణించి, బిగువుకి ఎనిమిది రెట్లతో భాగించాలి.

11 కె.వి.కి ఎక్కువగా వాడే తీగ పేరు రాబిట్. బ్రిటిష్ వాళ్ళు ఇలాంటి తీగలకి జంతువుల పేర్లు పెట్టారు: వీజిల్, రాబిట్, డాగ్, పాంథర్ అని లావు పెరిగేకొద్దీ. రాబిట్ కిలోమీటరుకి దాదాపు 214 కిలోలు, అంటే మీటరుకి సుమారు 2.1 న్యూటన్లు. స్తంభాల మధ్య 60 మీటర్లు, బిగువు 3000 న్యూటన్లు అనుకుందాం. వేలాటం 0.31 మీటర్లు వస్తుంది. మే నెల ఎండకి అల్యూమినియం సాగి బిగువు సగానికి పడితే, వేలాటం రెట్టింపై 0.63 మీటర్లు. పొద్దున తలపైన అడుగు ఎడంగా కనిపించిన తీగ మధ్యాహ్నానికి ఇంకో అడుగు దిగొచ్చన్నమాట.

ఇప్పుడు గాలి. వేలాడే తీగని ఉయ్యాల అనుకోండి. 0.6 మీటర్లు వేలాడే తీగ 45 డిగ్రీలు ఊగితే పక్కకి 0.42 మీటర్లు జరుగుతుంది. మా ఇంటి విషయంలో నిర్ణయం మొత్తం ఈ 42 సెంటీమీటర్ల మీదే నడిచింది.

మా ఇంటి లెక్క

మా ఇంటి పడమటి గోడ పక్కన సందు, సందులో 11 కె.వి. లైను. లైను ముందు వచ్చింది, మా ఇల్లు తర్వాత. కొలత ఎలా తీశానో ముందు చెప్తాను, ఎందుకంటే ఇక్కడే ప్రాణం మీదికి తెచ్చుకుంటారు. డాబా ఎక్కి తీగ వైపు టేపు చాపకూడదు. మా ఇంట్లో ఉన్న స్టీలు టేపు అంటే చువ్వ లాంటిదే. కింద నేల మీద నిలబడి, స్తంభం నుంచి స్తంభానికి క్రాస్ ఆర్మ్ చివర సరిగ్గా కిందికి వచ్చే గీతని చూసి, ఆ గీత నుంచి గోడకి నేల మీదే కొలవాలి. ఎత్తు కావాలంటే దూరంగా నిలబడి, కోణం చూపించే ఫోన్ యాప్‌తో, ఇంటర్‌లో నేర్చుకున్న టాన్ తీటాతో సరిపెట్టొచ్చు.

గోడ నుంచి దగ్గరి తీగకి అడ్డంగా 1.75 మీటర్లు వచ్చింది.

గాలి ఊపు 0.42 తీసేస్తే 1.33. కావాల్సింది 1.2. అంటే గోడని ఉన్న గోడ మీదే నిటారుగా లేపితే 13 సెంటీమీటర్ల మిగులుతో బయటపడతాం. కానీ ప్లానులో అటువైపు మూడడుగుల బాల్కనీ ఉంది. అది కలిస్తే మిగిలేది 0.43 మీటర్లు. బాల్కనీ తీసేసి కిటికీ మీద అడుగున్నర సజ్జా ఒక్కటే పెట్టినా 0.88. అది కూడా చెల్లదు.

అమ్మకి ఆ బాల్కనీ మీద చాలా ఆశ. పడమటి గాలికి సాయంత్రం కూర్చోవచ్చని. అందుకే ముందు "లైను మార్పిస్తే?" అన్న దారి చూశాం.

లైను మార్పించాలంటే

"నా స్థలంలో నేను కట్టుకుంటున్నా, లైను తీయడం వాళ్ళ పని" అనే మాట చాలాసార్లు వింటాం. చట్టం అంత సూటిగా లేదు. ఎవరు ముందు వచ్చారు అని అడుగుతుంది.

లైను కొత్తగా మీ స్థలం మీదుగా లాగుతుంటే, విద్యుత్ సంస్థ యజమాని సమ్మతి తీసుకోవాలి. మీరు ఒప్పుకోకపోతే జిల్లా మేజిస్ట్రేటు దగ్గర అనుమతి తెచ్చుకోవాలి. 2006 నాటి లైసెన్సీ పనుల నిబంధనల్లో ఇది ఉంది. లైను ముందే ఉండి, మీరు తర్వాత కడుతుంటే బాధ్యత ఇటు తిరుగుతుంది. విద్యుత్ చట్టం, 2003లోని 68వ సెక్షను చెట్ల విషయంలో కూడా ఇదే తేడా చూపిస్తుంది: లైను కంటే ముందున్న చెట్టుని కొట్టాల్సి వస్తే యజమానికి పరిహారం ఇస్తారు.

తర్వాత కట్టేవాళ్ళు ఏం చెయ్యాలో 2010 నిబంధనల్లో 63వది వరసగా చెప్తుంది. సరళంగా రాస్తాను.

ఒకటి, కొత్త ఇల్లైనా, ఉన్న ఇంటికి చేర్పైనా, మార్పైనా, శాశ్వతమైనా తాత్కాలికమైనా, యజమానీ అతని కాంట్రాక్టరూ ఇద్దరూ ముందుగా రాతపూర్వకంగా విద్యుత్ సంస్థకీ, ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరుకీ తెలపాలి. స్కేలు ప్రకారం గీసిన డ్రాయింగు జత చెయ్యాలి.

రెండు, సంస్థ వాళ్ళు ఆ లైను నిబంధనల ప్రకారమే వేసిందా, మార్చడం సాంకేతికంగా కుదురుతుందా, కొత్త దారికి స్థలం ఉందా, ఖర్చు ఈ మనిషే పెట్టుకోవాలా అని చూస్తారు. పెట్టుకోవాల్సిందే అయితే ఎస్టిమేటుతో నోటీసు ఇస్తారు. అందిన 30 రోజుల్లో డబ్బు డిపాజిట్ చెయ్యాలి. మన దగ్గర ఆఫీసుల్లో దీన్ని డిపాజిట్ కంట్రిబ్యూషన్ వర్కు అంటారు.

మూడు, ఎస్టిమేటు ఎక్కువనిపించినా, అసలు ఖర్చు మనది కాదనిపించినా, ఇన్‌స్పెక్టరు దగ్గరికి వెళ్ళొచ్చు. ఆయన రెండు వైపులా విని తేలుస్తారు. లెక్క కట్టే పద్ధతి కూడా రాసి ఉంది: కొత్త సామాను ఖరీదులోంచి, పాత లైను నుంచి తిరిగొచ్చే సామాను విలువ తరుగు పోగా తగ్గించాలి, కూలి కలపాలి, పర్యవేక్షణ ఖర్చు ఆ కూలిలో 15 శాతం దాటకూడదు. చాలామందికి ఈ హక్కు ఉందనే తెలియదు. ఎస్టిమేటు చూసి, తిట్టుకుని, ఏ కాగితమూ లేకుండా దొంగచాటుగా శ్లాబు వేసేస్తారు.

నాలుగు, డబ్బు కట్టే వరకు పని మొదలుపెట్టకూడదు. దూరాల నిబంధన తప్పడం లేదని ఇన్‌స్పెక్టరు ధ్రువీకరించే వరకు కొనసాగించకూడదు. లైనుకి తగిన రక్షణ ఏర్పాటు చేశారని ఆయనకి నమ్మకం కుదిరితే, మార్పు కంటే ముందే పనికి అనుమతించొచ్చు.

"తాత్కాలికమైనా" అన్న మాట దగ్గర మళ్ళీ ఒకసారి ఆగండి. పరంజా తాత్కాలికమే కదా. గోడ నిబంధనలోనే ఉన్నా, దాని ప్లాస్టరింగు కోసం బయట వేసే పరంజా ఇంకో మీటరు తీగ వైపు జరుగుతుంది. ఇల్లు పూర్తయ్యాక ఉండే దూరం వేరు, కడుతున్నప్పుడు ఉండే దూరం వేరు. ప్లాను చూపించేది మొదటిదాన్నే. మనుషులు పోయేది రెండోదాంట్లో.

మార్చడం అంటే ఏమేం చెయ్యొచ్చు?

మొదటిది, లైనుని సందు అవతలి వైపుకి జరపడం. అటు ఖాళీ ఉంటే ఇదే తేలిక. కానీ అటు పక్క కూడా ఒక ఇల్లుంటుంది, వాళ్ళ చువ్వలూ పైకి లేచే ఉంటాయి. మన సమస్యని ఎదురింటికి పంపడం పరిష్కారం కాదు.

రెండోది, పొడవు స్తంభాలు వేసి ఎత్తు పెంచడం. లైను ఇంటి మీదుగా పోతే ఉపయోగం. పక్కగా పోతే, పైన ఇంకో అంతస్తు లేచినప్పుడు మళ్ళీ కథ మొదటికొస్తుంది.

మూడోది, తొడుగున్న కేబులు. 650 వోల్టుల లోపు తీగకి నిబంధనే ఒక సడలింపు ఇస్తుంది: సరైన ఇన్సులేషన్ ఉండి, కనీసం 350 కిలోల బలానికి తెగని, ఎర్త్ చేసిన బేరర్ వైరుకి కట్టి ఉంటే దగ్గరగా ఉన్నా ఒప్పుకుంటారు. వీధుల్లో మెలికలు తిరిగిన నల్లటి కేబులు వేస్తున్నది ఇందుకే. ఈ సడలింపు 11 కె.వి.కి లేదు.

ఇక్కడే ఒక భయంకరమైన అలవాటు గురించి చెప్పాలి. బాల్కనీ పక్క 11 కె.వి. తీగకి నీళ్ళ పి.వి.సి. పైపు చీల్చి తొడిగేస్తారు, "ఇంక భయం లేదు" అని. ఆ పైపు 11 కె.వి.కి పరీక్షించింది కాదు. చీలిక గుండా వాన నీరు పోతుంది. ఎండకి పెళుసై పగులుతుంది. అంతకంటే పెద్ద ప్రమాదం, అది చూసి మనిషి ధైర్యం తెచ్చుకోవడం. ఒట్టి తీగకి భయపడి దూరంగా ఉండేవాడు పైపు చూసి చెయ్యి చాపుతాడు.

నాలుగోది, భూమిలో పాతడం. అందరి నోటా వచ్చే మాట ఇదే.

పాతిపెడితే తీరిపోతుందా?

మన దగ్గర ఇల్లు పెంచితే తీగని భూమిలో వెయ్యాలని చెప్పే నిబంధన లేదు. ఇంత దూరం ఉంచు అని మాత్రమే ఉంది. ఎలా అన్నది సాంకేతిక నిర్ణయం. కాలిఫోర్నియాలో వేరు. అక్కడ కొన్ని ఊళ్ళలో ఇంటిని ఒక హద్దు దాటి పెంచినా, చాలా భాగం కొత్తగా కట్టినా, స్తంభం నుంచి ఇంటికొచ్చే వైరుని సొంత ఖర్చుతో భూమిలోకి దించాలి. ఆ రాష్ట్రం 1967 నుంచే వీధి లైన్లని భూగర్భంలోకి మార్చే పథకం నడుపుతోంది. మన వాళ్ళు ఎక్కువగా ఉండే బే ఏరియాలో ఇల్లు రీమోడల్ చేయించుకునేవాళ్ళకి ఇదొక అనుకోని ఖర్చు. అక్కడ ఉద్దేశం అందం, అగ్నిప్రమాదాలు. ఇక్కడ ఉద్దేశం ప్రాణం.

మన రాష్ట్రంలో భూగర్భ కేబుళ్ళ మాట గట్టిగా వినిపించింది విశాఖలో. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి నగరమంతా స్తంభాలు పడగొట్టాక, ప్రపంచ బ్యాంకు రుణంతో నడిచిన విపత్తు పునరుద్ధరణ ప్రాజెక్టులో అక్కడ తీగల్ని భూమిలోకి దించే పని చేపట్టారు. అమరావతి ప్రణాళికలో మొదటి నుంచీ తీగలు భూమిలోనే. కొత్త నగరానికి అది తేలిక. రోడ్డు వేసేటప్పుడే డక్టు వేసుకోవచ్చు.

పాత ఊళ్ళో, అదీ డెల్టా అంచున, కథ వేరు. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 1255 ప్రకారం 11 కె.వి. కేబులు 0.9 మీటర్ల లోతులో, తక్కువ వోల్టేజిది 0.75 మీటర్లలో, రోడ్డు దాటేచోట 1 మీటరులో ఉండాలి. కింద ఇసుక పరవాలి, పైన ఇసుక, ఆ పైన ఇటుకలో పలకలో పేర్చాలి. తవ్వేవాడి గునపం ముందు ఇటుకకి తగిలి ఆగాలని.

మా జంక్షన్ నుంచి నూజివీడు వైపు మెరక నేల. గుడివాడ వైపు పోయేకొద్దీ వరి చేలు, నల్లరేగడి. నల్లరేగడి వేసవిలో పగుళ్ళు తీస్తుంది, వానకి ఉబ్బుతుంది. జాయింట్ల దగ్గర కేబుల్ని లాగి సడలిస్తుంది. కాలవలు వదిలితే నీటి మట్టం పైకొస్తుంది. జాయింటు సరిగ్గా కట్టకపోతే నీరు చేరుతుంది. నేల పూర్తిగా ఎండినా ఇబ్బందే: పొడి మట్టి వేడిని సరిగ్గా బయటికి పంపదు, కేబులు మోయగలిగే కరెంటు తగ్గుతుంది. పై తీగ తెగితే లైన్‌మాన్ కంటికి కనిపిస్తుంది. భూమిలో ఫాల్టు వస్తే దాన్ని వెతకడానికి యంత్రం రావాలి. ఖర్చు కూడా పై లైనుకి కొన్ని రెట్లు ఉంటుంది.

వీటన్నిటికంటే పెద్ద శత్రువు జేసీబీ. డ్రైనేజీకనీ, మంచినీళ్ళ పైపుకనీ, ఫైబరుకనీ వీధిని ఎన్నిసార్లు తవ్వుతారో మనకి తెలుసు. కేంద్రం 2023 మార్చిలో "కాల్ బిఫోర్ యు డిగ్" అనే యాప్ తెచ్చింది ఇందుకే: తవ్వేవాళ్ళు ముందుగా చెప్తే కింద ఎవరి లైన్లున్నాయో వాళ్ళకి సమాచారం పోతుంది. సందులో పని చేసే చిన్న కాంట్రాక్టరు దాకా ఈ అలవాటు చేరాలి.

అంతమాత్రాన భూగర్భ కేబులు వద్దని కాదు. తుఫాను తీరానికీ, ఇరుకు బజారుకీ అదే మేలు. కానీ ఒక్క ఇంటి ముందు 60 మీటర్లు పాతితే, రెండు చివర్లా తీగ కిందికి దిగే స్తంభాలు, కేబులు ముగింపులు, ఎర్తింగు అన్నీ కావాలి. ఒక్క ఇల్లు మోసే ఖర్చు కాదది. వీధి మొత్తం కలిసి అడిగితే లెక్క మారుతుంది.

చివరికి ఏం చేశాం

మా సందుకి అవతల ఖాళీ లేదు. పాతించే ఖర్చు బాల్కనీ విలువకి చాలా ఎక్కువ. అందుకని లైను మార్చలేదు, ప్లాను మార్చాం. పడమటి గోడ నిటారుగా లేచింది. బాల్కనీ తూర్పుకి, పెరటి వైపుకి పోయింది. పడమట కిటికీలకి సజ్జా లేదు. వాన కొట్టకుండా ఫ్రేముని గోడ మందంలో లోపలికి జరిపారు. అమ్మ ఒకటి రెండు రోజులు ముభావంగా ఉంది. నాన్న "కాఫీ తూర్పున తాగుదాంలే, పొద్దున్నే ఎండ కూడా తగలదా ఏంటి?" అన్నారు. తగులుతుంది. ఇప్పుడు దానికి కర్టెన్ కావాలంటున్నారు, అది వేరే ఖర్చు.

13 సెంటీమీటర్ల మిగులు ఉన్నా కాగితం మాత్రం మానలేదు. డ్రాయింగు పెట్టి ఉత్తరం ఇచ్చాం. చువ్వలు పైకి అందించే రోజు, శ్లాబు రోజు, పడమటి గోడ ప్లాస్టరింగు రోజులు ముందే రాసిచ్చాం. ఆ రోజుల్లో ఎల్.సి. తీసుకుని, అంటే లైను ఆపించి, ఎర్త్ చేశాకే పని. మిగతా రోజుల్లో అటువైపు పరంజా లేదు. చువ్వలు సందులోంచి కాకుండా తూర్పు నుంచి, అవసరమైన పొడవుకి కిందే కోసి ఎక్కించారు. సెంట్రింగు కుర్రాడొకడు "ఇంత అవసరమా అన్నా, మేం రోజూ చేసేదేగా" అన్నాడు. పక్కనున్న మేస్త్రి గారు "రోజూ చేసేవాళ్ళే పోతార్రా" అన్నారు. నేను చెప్పిన రిలే లెక్కకంటే ఆ మాటే వాడికి బాగా ఎక్కింది.

ఇంటికి వెళ్ళినప్పుడు చూసుకోండి

మీ ఇంట్లో పైఅంతస్తు మాట నడుస్తుంటే, ప్లాను గీయించకముందే ఇవి చూడండి.

- లైను ఎన్ని వోల్టులది? లైన్‌మాన్‌నే అడగండి. ఇన్సులేటరు చూసి ఊహించొద్దు.
- లైను ముందా, ఇల్లు ముందా? పాత ఇంటి ప్లాను, పన్ను రసీదులు భద్రం చెయ్యండి. ఖర్చు ఎవరిదన్న వివాదంలో ఇవే మాట్లాడతాయి.
- కొలత నేల మీదే. బాల్కనీ, సజ్జా, పరంజా మూడూ లెక్కలో వెయ్యండి. ఎండ వేలాటం, గాలి ఊపు తీసెయ్యండి.
- మీకు సర్వీసు వైరు ఎక్కడి నుంచి వస్తోంది? పైఅంతస్తు వచ్చాక అది పిట్టగోడకి ఆనుతుందా చూడండి.
- ఉత్తరం ఇచ్చాక దాని నకలు మీద ముద్ర వేయించుకోండి.
- తీగ కిందికి జారినా, స్తంభం ఒరిగినా 1912కి ఫోన్ చెయ్యండి.

ప్లాను కాగితం మీద బాల్కనీ జరపడానికి పెన్సిలూ రబ్బరూ చాలు. శ్లాబు పోశాక అదే పనికి సుత్తి కావాలి. ఆ సుత్తి పట్టుకుని మళ్ళీ అదే తీగ పక్కన నిలబడేది మేస్త్రి దగ్గర పనిచేసే ఎవరి పిల్లాడో. అందుకే కొలత ముందు, ముహూర్తం తర్వాత.